చివరి మూడు మాటలు

రాజు తిరిగొచ్చాడు. నాటకాలు తిరిగొచ్చాయి. గిల్బర్ట్‌కి మాత్రం వేషం తిరిగి రాలేదు.

ఆ సంగతి చెప్పుకోవడానికి అతను తన గురువు ఆంబ్రోస్ దగ్గరికి వచ్చాడు. లండన్‌లో థేమ్స్ నది పక్కన, కొవ్వొత్తులు పోసే ఒకాయన దుకాణం వెనక చిన్న గదిలో ఉండేవాడు ఆంబ్రోస్. ఒకప్పుడు ముసలిరాజు వేషంలో అతను అడుగుపెడితే జనం ఆపిల్ పండు కొరుకుతూ కొరుకుతూ సగంలోనే ఆపేసేవారు. ఇప్పుడు చూపు దాదాపుగా పోయింది. నూలు పేని కొవ్వొత్తులకు వత్తులు చేసిపెడుతూ ఆ దుకాణాన్ని నమ్ముకుని బతుకుతున్నాడు. వత్తులు పేనడానికి కళ్ళతో పనిలేదు.

గిల్బర్ట్ గుమ్మంలోనే నిలబడిపోయి, "రాణి వేషం ఎవరో ఆడపిల్లకి ఇచ్చారు గురువుగారూ" అన్నాడు.

ఆంబ్రోస్ చేతులు ఆగలేదు. "లోపలికి రా. కూర్చో" అన్నాడు.

గిల్బర్ట్ కడుపుమంట అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అతని చిన్నప్పుడు ఆ దేశంలో ఆడవాళ్ళు నాటకాల్లో వేషం కట్టేవారు కాదు. గొంతు మారని మగపిల్లల్ని పెద్ద నటులు తమ ఇళ్ళలోనే పెట్టుకుని, తిండీ బట్టా ఇచ్చి, విద్య నేర్పి ఆడవేషాలు వేయించేవారు. తల్లీ తండ్రీ లేని గిల్బర్ట్ అలాగే ఆంబ్రోస్ ఇంటికి చేరాడు. ఆంబ్రోస్‌కి రాల్ఫ్ అని ఒక్కడే కొడుకు. గిల్బర్ట్ కంటే ఐదారేళ్ళు పెద్ద. ఇద్దరూ ఒక మంచం మీద, ఒక దుప్పటి కింద పడుకుని పెరిగారు.

ఆంబ్రోస్ బృందానికి పేరు తెచ్చిన నాటకంలో గిల్బర్ట్ రాణి, రాల్ఫ్ ఆమె కొడుకు. పదమూడేళ్ళ తల్లి, మీసాలొచ్చిన కొడుకు! ఇంటికొచ్చాక కూడా రాల్ఫ్ వదిలేవాడు కాదు. "అమ్మా, నా జోళ్ళు ఇలా తెచ్చిపెట్టు" అని ఏడిపించేవాడు. గిల్బర్ట్ ఆ జోళ్ళు తెచ్చి నెత్తిమీద విసిరేవాడు.

ఆ నటులకి ఇంకో పద్ధతి ఉండేది. నాటకం మొత్తం రాసిన ప్రతి ఒక్కటే ఉండేది, అది పెట్టెలో తాళం వేసి. కాగితం ఖరీదు ఒకటి, పక్క బృందం వాళ్ళు నాటకాన్ని ఎత్తుకుపోతారన్న భయం ఒకటి. అందుకని ఏ నటుడికైనా తన మాటలు మాత్రమే రాసిన కాగితపు చుట్ట ఇచ్చేవారు. ఎదుటివాడు ఏం మాట్లాడతాడో అందులో ఉండదు. అతని మాటల్లో చివరి రెండో మూడో ఉంటాయి, అంతే. అవి చెవిన పడగానే తను అందుకోవాలి. దాన్ని అందింపు అనేవారు. అందింపు వినబడి కూడా నోరు తెరవని కుర్రాడికి ఆ పూట వీపు వాచేది.

అలా సాగుతుండగా రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం వచ్చింది. పార్లమెంటులో ప్యూరిటన్లు అనే మతనిష్ఠాపరుల మాట చెల్లేది. వాళ్ళలో మంచివాళ్ళు లేకపోలేదు గానీ, నాటకమంటే మాత్రం అందరికీ ఒళ్ళుమంటే. అబద్ధపు ఏడుపులు పాపం, వేషాలు పాపం, మగపిల్లవాడు ఆడబట్టలు కట్టడం అన్నిటికంటే పెద్ద పాపం. దేశం కష్టంలో ఉంది, ఇది ఉపవాసాలూ ప్రార్థనలూ చేసుకునే కాలం అని చెప్పి నాటకశాలలన్నీ మూయించారు.

నెలో రెండు నెలలో అనుకున్నారు అందరూ. పద్దెనిమిదేళ్ళు పట్టింది.

రాల్ఫ్ రాజు సైన్యంలో చేరి వెళ్ళిపోయాడు. తన కాగితపు చుట్టని కోటు లోపల పెట్టుకుని మరీ వెళ్ళాడు. రెండేళ్ళకి అతని చావుకబురు వచ్చింది. మనిషీ రాలేదు, కోటూ రాలేదు.

మిగిలినవాళ్ళు సత్రాల్లో, పెద్దవాళ్ళ ఇళ్ళలో తలుపులు బిగించుకుని నవ్వులాటలు, చిన్న చిన్న ముక్కలు ఆడేవారు. ఒకరోజు సగంలో సైనికులు వచ్చిపడ్డారు. రాణి బట్టలతో ఉన్న గిల్బర్ట్‌ని ఆ బట్టలతోనే వీధుల్లో నడిపించారు. పిల్లలు వెంటపడి బురద చల్లారు. బట్టల్నీ పెట్టెనీ పట్టుకుపోయారు. నాటకం పూర్తి ప్రతి ఆ పెట్టెలోనే ఉంది. తర్వాత నాటకశాలలో బల్లలు పీకి, వేదిక విరగ్గొట్టి కట్టెల కింద అమ్మేశారు.

అయినా ఆంబ్రోస్ ఊరుకోలేదు. పాత నటుల్ని ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళ్ళాడు. మంత్రి వేషం వేసినవాడు ఒక ఊళ్ళో రొట్టెలు కాలుస్తున్నాడు. చెలికత్తె వేషం వేసిన పిల్లవాడు గడ్డం పెంచి ఓడల్లో తిరుగుతున్నాడు. వాళ్ళ వాళ్ళ మాటలు వాళ్ళచేత చెప్పించుకుని, కంఠతా పట్టి, ఇంటికి వచ్చేవాడు. ఒక్క రాణి మాటలు మాత్రం అడగలేదు. గిల్బర్ట్ ఊళ్ళోనే ఉన్నాడు కదా, అవి భద్రంగానే ఉంటాయి. రాజకుమారుడి మాటల సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. గిల్బర్ట్ ఎప్పుడైనా ఆ నాటకం మాట తెస్తే ఆంబ్రోస్ వాన గురించో చలి గురించో మాట్లాడేవాడు.

గిల్బర్ట్ ఒక సత్రంలో బీరు పోసే పనిలో కుదిరాడు. పీపాలు మోస్తున్నా భుజాలు ముదరకూడదని జాగ్రత్తపడేవాడు. రోజూ గడ్డం గీసుకునేవాడు. గొంతు చెడుతుందని అరవడం మానేశాడు. తాగుబోతులు వెక్కిరించినా తలదించుకుని, కప్పులు కడుగుతూ పెదవుల మీదే రాణి మాటలన్నీ వల్లించుకునేవాడు. ఒక్క అక్షరం పోనివ్వలేదు. ఎప్పటికైనా తెర లేస్తుంది, అప్పుడు నేనుంటాను అన్నదే అతని నమ్మకం. పెళ్ళి కూడా చేసుకోలేదు పాపం.

తీరా యుద్ధంలో ఓడిన రాజు కొడుకు పరాయిదేశం నుంచి తిరిగివచ్చి, తను రాజై నాటకాలకు అనుమతి ఇచ్చాక, కొత్త నాటకశాలల్లో ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టడం మొదలుపెట్టారు. మగవాడు ఆడబట్టలు కట్టకూడదని ప్యూరిటన్లూ అన్నారు, వాళ్ళని తరిమేసినవాళ్ళూ అన్నారు. కారణాలు వేరు. గిల్బర్ట్‌కి మాత్రం రెండుసార్లూ తగిలిన దెబ్బ ఒక్కటే.

"ఆ పిల్ల పేరు హెస్టర్ అట" అన్నాడు గిల్బర్ట్, ఆంబ్రోస్ ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని. "నాటకమంటే ఏమిటో తెలియదు. దానికి నా రాణి కావాలట. కంపెనీ పెద్ద నన్ను పిలిచి, నీకు మాటలన్నీ వచ్చునట కదా, ఆ అమ్మాయికి చెప్పు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చెప్పనన్నాను."

ఆంబ్రోస్ వత్తి పేనుతూనే ఉన్నాడు.

"మిగతా మాటలన్నీ మీరు వాళ్ళకి ఇచ్చేశారట. మీ ఇష్టం. నేను ఇవ్వను గురువుగారూ. ఇన్నేళ్ళూ వాటికోసమే బతికాను. బురద చల్లించుకున్నాను. నన్ను వద్దన్నవాళ్ళకి నా మాటలెందుకు? నా మాటలు నాతోనే ఉంటాయి. నాతోనే పోతాయి."

ఆ మాటకి ఆంబ్రోస్ తల పైకెత్తాడు. గిల్బర్ట్ గొంతు వచ్చిన వైపు మొహం తిప్పాడు.

"సరే, ఇవ్వకు" అన్నాడు. "నాకు ఒక్కసారి వినిపించు. చివరిసారి నువ్వు ఆడినప్పుడు నాకు కళ్ళున్నాయి. ఇప్పుడు చెవులే ఉన్నాయి."

గురువుగారు అలా అడుగుతారని గిల్బర్ట్ అనుకోలేదు. మొహమాటంగా లేచాడు. ఒంటిమీది పాత కోటు తీసి శాలువాలా భుజాల మీద కప్పుకున్నాడు. మెడ నిలబెట్టాడు. ఆ ఒక్క కదలికతో బీరు పోసే మనిషి పోయి, రాణి వచ్చింది.

ఆంబ్రోస్ వత్తులు పేనుతూ అందించాడు. మంత్రి మాటలు రొట్టెలవాడి గొంతులో, చెలికత్తె మాటలు ఓడమనిషి గొంతులో, ముసలిరాజు మాటలు తన గొంతులో. ఒక్కొక్క అందింపుకీ గిల్బర్ట్ సూదిలో దారంలా దూరిపోయాడు. ముప్పై దాటిన మొహం విప్పారింది. ఆ గదిలో జంతుకొవ్వు వాసన తప్ప ఏమీ లేదు. అయినా అతను అంత సంతోషంగా ఉండి చాలా కాలమైంది.

రాజు తన కొడుకునే అనుమానించి దేశంనుంచి వెళ్ళగొట్టే ఘట్టం అయింది. ఇక కొడుకు తల్లి దగ్గర సెలవు తీసుకోవాలి. గిల్బర్ట్ తల వంచి, చేతులు ముందర ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, అందింపు కోసం నిలబడ్డాడు.

అందింపు రాలేదు.

దుకాణంలో ఎవరో కొవ్వు కలియబెడుతున్న చప్పుడు వినబడుతోంది. గిల్బర్ట్ ఓరగా చూశాడు. ఆంబ్రోస్ చేతుల్లో వత్తి కదలడం లేదు.

పెద్దాయన మరిచిపోయాడనుకున్నాడు. మెల్లగా, "'తలుపు తెరిచే ఉంచమ్మా' అండీ" అని గుర్తుచేశాడు.

"అది తెలుసు. నీ చుట్టలో ఆ మూడు మాటలూ రాసింది నేనే" అన్నాడు ఆంబ్రోస్. "దానికి ముందు?"

"దానికి ముందు చాలా ఉందండీ. రాల్ఫ్ చాలాసేపు చెప్పేవాడు. జనం ఏడ్చేవారు కదా!"

"ఏం చెప్పేవాడు?"

గిల్బర్ట్ చెప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా.

ఏమీ లేదు. రాల్ఫ్ ఎక్కడ నిలబడేవాడో గుర్తుంది. ఏ కాలు ముందుకి వేసేవాడో గుర్తుంది. మాటలు లేవు. అన్ని ఆటలు ఆడి, ప్రతి ఆటలోనూ మూరెడు దూరంలో నిలబడి, ఒక్క వాక్యం లేదు. రాల్ఫ్ మాట్లాడుతున్నంతసేపూ తను తల వంచుకుని తర్వాత తను చెప్పాల్సింది మనసులో వల్లించుకునేవాడు. చెవులు 'తలుపు' అన్న మాట కోసం కాచుకుని ఉండేవి. మిగతాదంతా పక్కింటి మాటల్లా పోయేది.

"నేను... అందింపు కోసం చూస్తూ ఉండేవాణ్ణి గురువుగారూ" అన్నాడు.

ఆంబ్రోస్ తల ఊపాడు.

"నేను ఆ సమయంలో లోపల పెట్టుడుగడ్డం మార్చుకునేవాణ్ణి" అన్నాడు. "వాడి గొంతు వినబడేది. మాటలు తెలిసేవి కావు. ఎప్పుడూ ఉండేదే కదా అనుకునేవాణ్ణి. యుద్ధానికి పోయేటప్పుడు అడిగాను, ఒరేయ్, నీ మాటలు ఎవరికైనా చెప్పి వెళ్ళరా అని. నవ్వాడు. నా మాటలు నాతోనే ఉంటాయి నాన్నా, నాటకశాల తెరిచిన రోజు నేనే వచ్చి చెబుతాను అన్నాడు."

గిల్బర్ట్ భుజం మీదినుంచి కోటు జారిపోయింది. తీసుకోలేదు.

"మరి ఇన్నేళ్ళూ నన్నెందుకు అడగలేదండీ?"

ఆంబ్రోస్ ముందుకి వంగాడు. కిందపడిన నూలు కోసం తడుముకున్నాడు.

"అడగనంతకాలం నీ దగ్గర ఉన్నాయనుకోవచ్చు కదరా" అన్నాడు.

గిల్బర్ట్ ముసలాయన మోకాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. చిన్నప్పుడు ఆ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు అలా ఏడ్చాడు, మళ్ళీ ఇప్పుడే. ఆంబ్రోస్ అతని తల మీద ఒకసారి చెయ్యి వేశాడు. తర్వాత ఆ చెయ్యి తీసి మళ్ళీ వత్తి పేనసాగాడు. హెస్టర్ గురించి గానీ, కొత్త నాటకశాల గురించి గానీ ఒక్క మాట అనలేదు.

మర్నాడు గిల్బర్ట్ నాటకశాలకి వెళ్ళాడు.

హెస్టర్‌కి పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. గిల్బర్ట్‌ని చూడగానే లేచి నిలబడింది. "మీ వేషం నేను లాక్కున్నానని మీకు కోపమట. అందరూ చెప్పారు" అంది, భయంగా.

"కోపమే" అన్నాడు గిల్బర్ట్. "కూర్చో. చెబుతాను, విను."

రోజుకి ఒక ఘట్టం చొప్పున ఒక్కొక్క మాటా చెప్పసాగాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు వణికీ వణకనట్టు ఉండాలో చూపించాడు. చెబుతున్నంతసేపూ అతనికి ప్రాణం పోతున్నట్టే ఉంది, కాదని నేను చెప్పను. ఒంటిమీది చర్మం ఒలిచి ఇంకొకరికి తొడుగుతున్నట్టు బాధపడ్డాడు. అయినా ఏదీ దాచుకోలేదు.

సాధన మొదలయ్యాక హెస్టర్ కూడా అదే చేసింది. మంత్రి మాట్లాడుతుంటే తల వంచుకుని, పెదవులు కదుపుతూ తన మాట కోసం సిద్ధమవుతోంది. గిల్బర్ట్ ఆపాడు.

"ఇప్పుడు ఆయన నీతో ఏమన్నాడు?"

హెస్టర్ తెల్లబోయింది. "నా అందింపు ఇంకా రాలేదండీ" అంది.

"మళ్ళీ మొదటినుంచి" అన్నాడు గిల్బర్ట్. "నీ మాటలు ఎక్కడికీ పోవు. ముందు ఆయన మొహం చూడు."

సెలవు ఘట్టం దగ్గరికి వచ్చేసరికి కంపెనీ పెద్ద, రాజకుమారుడి మాటలు పోయాయి కాబట్టి ఎవరైనా కవిచేత రాయించి అతికిద్దామన్నాడు.

"వద్దండీ" అన్నాడు గిల్బర్ట్. "ఆ చోటు అలాగే ఉంచండి. కుర్రాడు వచ్చి తల్లి ముందు నిలబడతాడు. రాల్ఫ్ మాట్లాడినంతసేపూ ఊరికే నిలబడతాడు. చివరి మూడు మాటలు చెబుతాడు."

"ఊరికే నిలబడితే జనం ఈలలు వేస్తారయ్యా!"

"వేస్తే నన్ను తిట్టండి. మిగిలిన రాణి మాటలు కావాలంటే మాత్రం ఇది ఒప్పుకోవాలి."

కంపెనీ పెద్ద విసుక్కున్నాడు, కానీ ఒప్పుకున్నాడు. సగం రాణితో నాటకం ఎలా ఆడతాడు?

ప్రదర్శన నాడు గిల్బర్ట్ ఆంబ్రోస్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, వేదిక పక్కన, తెర చాటున, ఒక పెట్టె మీద కూర్చోబెట్టాడు. తను పక్కన నిలబడ్డాడు. మునుపు ఆకాశం కింద పగటివెలుగులో ఆడేవారు. ఇది పైకప్పున్న శాల. కొవ్వొత్తులు గుత్తులు గుత్తులుగా వెలుగుతున్నాయి. ఆంబ్రోస్ మొహం ఎత్తి వాసన చూసి, "మన దుకాణంవే" అన్నాడు.

నాటకం బాగానే నడిచింది. హెస్టర్ మెడ నిలబెట్టి నడిచి వస్తుంటే జనం సద్దుమణిగారు. గిల్బర్ట్ తెర పక్కనుంచి తొంగిచూశాడు. ఆ నడక తనది.

సెలవు ఘట్టం వచ్చింది. రాజకుమారుడి వేషంలో ఉన్న కుర్రాడు వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. ఏమీ మాట్లాడలేదు. హెస్టర్ తల వంచుకోలేదు. అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. వెనక బల్లల్లో ఎవరో దగ్గారు. ఎవరో కిసుక్కున నవ్వి ఊరుకున్నారు. తర్వాత ఆ చప్పుళ్ళు కూడా పోయాయి. ఆ శాలలో కొడుకుల్ని యుద్ధానికి పంపి తిరిగి చూడనివాళ్ళు ఇద్దరో ముగ్గురో కాదు, చాలామందే ఉన్నారు. ఎవరికి చేరాల్సిన మాటలు వాళ్ళు ఆ మౌనంలో వింటున్నారు.

గిల్బర్ట్ మామూలుగానే తల వంచాడు. పెదవులు వాటంతట అవే రాణి జవాబు అందుకోవడానికి కదులుతున్నాయి. ఎన్నేళ్ళ అలవాటో!

అతని చొక్కా చేతిని ఎవరో పట్టి లాగారు. ఆంబ్రోస్.

"ఈసారి చివరి మాట కోసం చూడకురా" అన్నాడు, గుసగుసగా.

గిల్బర్ట్ తలెత్తాడు. వేదిక మీద నిలబడ్డ కుర్రాడిని చూశాడు. చూస్తూ ఉంటే, సెలవు చెప్పేటప్పుడు రాల్ఫ్ తన చెయ్యి పట్టుకునేవాడని గుర్తొచ్చింది. వేషం కోసం అతను పూసుకున్న తెల్లపొడి తన చేతికి అంటేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కోరోజు రాల్ఫ్ గొంతు నిజంగానే పూడుకుపోయేది. అప్పుడు వేళ్ళు గట్టిగా బిగిసేవి. ఇంకా ఏదో ఉంది. ఇంకా.

హెస్టర్ గొంతు వినబడింది.

"తెరిచే ఉంటుంది నాయనా. చలిగాలి అని వాళ్ళు మూస్తారు. నేను లేచి మళ్ళీ తీస్తాను."

గిల్బర్ట్ ఉలిక్కిపడ్డాడు. కుర్రాడు ఆ మూడు మాటలూ ఎప్పుడన్నాడో అతను వినలేదు.